కృష్ణానగర్ పిల్లలు ఏ బడికి?

2025 అక్టోబరు 28న హైదరాబాద్ యూసుఫ్‌గూడ పోలీస్ గ్రౌండ్స్‌లో సినీ కార్మికులు తెలంగాణ ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డికి సన్మాన సభ పెట్టారు. సంక్షేమ నిధి, ఆరోగ్య కార్డులు, టికెట్ ధర పెంచినప్పుడు వచ్చే డబ్బులో కార్మికుల వాటా గురించి ఆ వేదిక మీద మాట్లాడారు. వాటి మధ్యనే ఇంకో హామీ వచ్చింది. కృష్ణానగర్ దగ్గర మూడు నాలుగు ఎకరాల స్థలం దొరికితే కార్పొరేట్ స్థాయిలో బడి కట్టిస్తామని, నర్సరీ నుంచి ఇంటర్ దాకా సినీ కార్మికుల పిల్లలకు ఉచితంగా చదువు చెప్పిస్తామని, ఉదయం టిఫిన్, మధ్యాహ్నం భోజనం కూడా పెడతామని ముఖ్యమంత్రి ప్రకటించారు.

మర్నాటి పేపర్లలో టికెట్ ధరల మాటే పెద్ద అక్షరాల్లో కనిపించింది. బడి మాట లోపలెక్కడో ఉండిపోయింది. కానీ కృష్ణానగర్ గల్లీల్లో పిల్లల్ని పెంచుతున్నవాళ్లకు అన్నిటికన్నా దగ్గరి మాట అదే. లైట్లు మోసేవాళ్లు, బట్టలు కుట్టేవాళ్లు, సెట్లు వేసేవాళ్లు, హీరో వెనక గుంపులో నిలబడేవాళ్లు ఫీజులు కట్టలేక సతమతమవుతున్నారని ప్రభుత్వమే ఆ సభలో ఒప్పుకున్నట్టయింది.

యూసుఫ్‌గూడ బస్తీ నుంచి పైకి నడిస్తే పావుగంటలో జూబ్లీహిల్స్ వస్తుంది. పైన కొండమీద బంగళాలు, ఏసీ బస్సుల్లో వెళ్లే అంతర్జాతీయ పాఠశాలల పిల్లలు. కింద కృష్ణానగర్, రహమత్‌నగర్, శ్రీరామ్‌నగర్, ఒకే గదిలో నలుగురైదుగురు ఉండే కుటుంబాలు. అన్నపూర్ణ స్టూడియో 1976లో మొదలైంది. ఆ తర్వాత మద్రాసు నుంచి సినిమా పరిశ్రమ ఒక్కో శాఖగా ఇక్కడికి తరలివచ్చింది. దాని వెంట గోదావరి జిల్లాల నుంచి, గుంటూరు నుంచి, పాలమూరు నుంచి, రాయలసీమ నుంచి మనుషులూ వచ్చారు. వాళ్లంతా అవకాశం కోసమే వచ్చినవాళ్లు. అందుకే పిల్లల చదువు విషయంలో ఇక్కడి తల్లిదండ్రులు రాజీపడరు. అప్పయినా చేస్తారు గానీ వెనక్కి తగ్గరు.

జూన్ నెలలో ఉదయం ఎనిమిదికి కృష్ణానగర్ మెయిన్ రోడ్డు మీద నిలబడి చూడండి. డ్రైవర్ పక్కన ఇద్దరు, వెనక సీటులో ఆరుగురు, వాళ్ల కాళ్ల దగ్గర అడ్డంగా వేసిన చెక్కమీద ఇంకో నలుగురు పిల్లలతో ఆటో కదులుతుంది. బ్యాగులన్నీ బయట కొక్కేలకు వేలాడుతుంటాయి. మెడలో టై, నడుముకు స్కూలు పేరున్న బెల్టు, సోమవారమైతే తెల్ల బూట్లు. ఆ ఆటో ఆగే చోట నాలుగంతస్తుల భవనం ఉంటుంది. ఒకప్పుడు అది అపార్ట్‌మెంట్. కింద పార్కింగ్ ఉండాల్సిన చోట ప్రార్థన జరుగుతుంది, హాలుకు అడ్డంగా ప్లైవుడ్ పెట్టి రెండు క్లాసులు చేశారు. ఆటస్థలం లేదు. పేరులో మాత్రం టెక్నో ఉంటుంది, ఒలింపియాడ్ ఉంటుంది, మూడో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ ఉంటుంది.

ఇలాంటి బడికి ఏడాదికి పాతిక ముప్పై వేలు పోయడాన్ని చూసి, వీళ్లకు లెక్క తెలియదని చదువుకున్నవాళ్లు తేలిగ్గా అనేస్తారు. అది అన్యాయం. వాళ్ల లెక్క వాళ్లకుంది, అందులో మనం చూడని అంకెలున్నాయి.

మూడేళ్లకే అయిపోయే నిర్ణయం

చాలా సర్కారు బడుల్లో చదువు ఒకటో తరగతితోనే మొదలవుతుంది. బిడ్డకు అప్పటికి అయిదేళ్లు నిండాలి. ప్రైవేటు బడి మూడేళ్లకే నర్సరీలో చేర్చుకుంటుంది. అంగన్‌వాడీలో ఆటపాటలతో చదువు ఉండాలని కాగితం మీద ఉన్నా, గుడ్డు, బాలామృతం ఇచ్చే చోటుగానే చాలామంది దాన్ని చూస్తారు. తండ్రి తెల్లారకముందే కాల్‌షీట్‌కు వెళ్లిపోయే ఇంట్లో, తల్లి కొండమీది ఇళ్లలో పనికి వెళ్లేచోట, మూడేళ్ల పిల్లను ఎక్కడ ఉంచాలి? నర్సరీ మొదట ఆ ప్రశ్నకు జవాబు, చదువు తర్వాతి సంగతి. అలా చేరిన పిల్ల ఎల్కేజీ, యూకేజీ దాటి ఒకటో తరగతికి వచ్చేసరికి స్నేహితులు కుదురుతారు, టీచర్ పేరు ఇంట్లో మంత్రమవుతుంది. అప్పుడు తీసి సర్కారు బడిలో వేస్తే దిగజారినట్టే చూస్తారు చుట్టుపక్కలవాళ్లు. ప్రైవేటా, ప్రభుత్వమా అని ఇంట్లో కూర్చొని చర్చించుకునే రోజు రాకముందే విషయం తేలిపోతుంది.

సాయంత్రం సంగతీ అంతే. బడి వదిలాక తల్లి పని నుంచి వచ్చేదాకా రెండు మూడు గంటలు. స్టడీ అవర్స్ పేరుతో ఆరింటిదాకా పిల్లల్ని కూర్చోబెట్టే బడికి ఇక్కడ గిరాకీ ఎందుకో విద్యావేత్తల నివేదికల్లో కనపడదు. రాత్రి షూటింగులున్న వారంలో జూనియర్ ఆర్టిస్టు తల్లికి ఆ రెండు గంటలు ఫీజుతో సమానం.

అందుకే 2025-26లో మొదటి విడతగా 210 సర్కారు బడుల్లో ప్రీ ప్రైమరీ తరగతులు తెరవాలన్న తెలంగాణ ప్రభుత్వ నిర్ణయం నాకు చాలా పెద్దదిగా కనిపిస్తుంది. ఇంగ్లిష్ మీడియం పెట్టినప్పుడు జరిగిన గొడవలో పదో వంతు చర్చ కూడా దీని మీద జరగలేదు.

కట్టిన డబ్బు ఎటు పోతుంది

ఉమ్మడి రాష్ట్రంలో 1994 జనవరి 1న వచ్చిన జీవో నంబరు 1 ప్రైవేటు బడులకు స్పష్టమైన లెక్క చెప్పింది. వసూలైన ఫీజులో సగం సిబ్బంది జీతాలకు పోవాలి. నిర్వహణకు 15 శాతం, బడి అభివృద్ధికి 15 శాతం, పీఎఫ్, గ్రాట్యుటీ లాంటి సిబ్బంది ప్రయోజనాలకు 15 శాతం. యాజమాన్యానికి మిగలాల్సింది 5 శాతం. ముప్పై ఏళ్లు దాటింది. మీ పాప బడిలో టీచర్‌కు నెలకు ఎంతిస్తున్నారో, పీఎఫ్ ఉందో లేదో అడిగి చూడండి, ఆ జీవోకు ఎంత విలువ ఉందో తెలుస్తుంది. 2017లో ప్రొఫెసర్ తిరుపతిరావు కమిటీ ఫీజుల మీద నివేదిక ఇచ్చింది. ఆకునూరి మురళి అధ్యక్షతన ఏర్పడిన విద్యా కమిషన్ కూడా నియంత్రణ కోసం సిఫార్సులు చేసింది. రసీదులో మాత్రం ట్యూషన్ ఫీజు, టర్మ్ ఫీజు, పుస్తకాలు, యూనిఫాం, యాన్యువల్ డే, యాప్ ఫీజు అంటూ వరసలు పెరుగుతూనే ఉన్నాయి.

నెల జీతగాడికి ఇది భారం. రోజు కూలీకి ప్రమాదం. 2025 ఆగస్టులో 30 శాతం వేతన పెంపు కోసం సినీ కార్మికుల ఫెడరేషన్ సమ్మెకు దిగితే రెండు వారాలకు పైగా షూటింగులు ఆగిపోయాయి. చివరికి మూడేళ్లలో విడతలవారీగా 22.5 శాతం పెంచేందుకు ఒప్పందం కుదిరింది. ఆ రోజుల్లో కాల్‌షీట్ లేదు, బేటా లేదు. స్కూలు వాట్సాప్ గ్రూపులో ఫీజు గడువు మెసేజ్ మాత్రం ఆగదు. ఫీజు బాకీ ఉన్న పిల్లల్ని క్లాసులో లేపి నిలబెట్టే బడులు ఈ ఊళ్లో ఉన్నాయి. తొమ్మిదేళ్ల పిల్లాడికి తండ్రి పేదరికాన్ని నలుగురిలో చెప్పడం ఏ చదువు కిందికి వస్తుందో ఆ యాజమాన్యాలే చెప్పాలి.

మరి ఆ డబ్బుకు చదువు వస్తోందా? దీనికి మన నేల మీదే దొరికిన జవాబు ఒకటుంది. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఐదు జిల్లాల్లో, 180 గ్రామాల్లో ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఒక ప్రయోగం మొదలుపెట్టారు. సర్కారు బడి పిల్లల్లో లాటరీ తీసి, పేరొచ్చినవాళ్లకు ప్రైవేటు బడి ఫీజు, పుస్తకాలు, యూనిఫాం ఖర్చు ఇచ్చారు. నాలుగేళ్ల తర్వాత లాటరీ వచ్చినవాళ్లకూ రానివాళ్లకూ పరీక్ష పెడితే తెలుగులో, లెక్కల్లో తేడా లేదు. ఇంగ్లిష్‌లో కూడా చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. హిందీలో మాత్రం ప్రైవేటు పిల్లలు బాగా ముందున్నారు, ఎందుకంటే అక్కడ హిందీకి పీరియడ్లు ఉన్నాయి.

సర్కారు బడిని సమర్థించేవాళ్లు కథ ఇక్కడితో ఆపేస్తారు. రెండో సగం కూడా వినాలి. ఆ ప్రైవేటు బడులు ఒక్కో పిల్లవాడి మీద పెట్టిన ఖర్చు ప్రభుత్వం పెట్టిన దాంట్లో మూడో వంతు కూడా లేదు. టీచర్ల జీతాలైతే ఆరో వంతుకన్నా తక్కువ. అంత తక్కువ ఖర్చుతో, అంత తక్కువ జీతాలతో వాళ్లు అదే ఫలితం తెచ్చారు. డి.ఎడ్., టెట్, డీఎస్సీ దాటి వచ్చిన టీచర్లున్న చోట ఫలితం ఇంకా ఎంతో బాగుండాల్సింది. ఎందుకు లేదన్నది ప్రభుత్వం తనను తాను వేసుకోవాల్సిన ప్రశ్న.

సర్కారు బడిలో ఏం మారింది

ఇంగ్లిష్ మీడియం లేదన్న సాకు ఇప్పుడు చెల్లదు. 2022-23 నుంచి ఒకటి నుంచి ఎనిమిది తరగతుల దాకా తెలంగాణ సర్కారు బడుల్లో ఇంగ్లిష్ మీడియం వచ్చింది. పుస్తకం తెరిస్తే ఒక పేజీలో ఇంగ్లిష్, ఎదురు పేజీలో అదే పాఠం తెలుగులో. ఇంగ్లిష్ రాని తల్లి కూడా రాత్రి పిల్లవాడి పక్కన కూర్చొని ఇవాళ ఏం చెప్పారో చదువుకోగలదు. కృష్ణానగర్ లాంటి చోట ఇంతకన్నా పనికొచ్చే పాఠ్యపుస్తకం నాకు కనపడలేదు. కొత్త టీచర్లూ వచ్చారు. 2024 డీఎస్సీలో 11,062 పోస్టులు ప్రకటించి, అక్టోబరు 9న ఎల్బీ స్టేడియంలో పది వేలమందికి పైగా నియామక పత్రాలు ఇచ్చారు.

సర్కారు బడిలో చదివితేనే దొరికేవి కూడా కొన్ని ఉన్నాయి. ఎనిమిదో తరగతిలో ఎన్‌ఎంఎంఎస్ పరీక్ష రాసి గెలిస్తే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయల స్కాలర్‌షిప్ వస్తుంది. ప్రైవేటు పిల్లలకు ఆ పరీక్ష రాసే వీల్లేదు. బాసర ట్రిపుల్ ఐటీ ప్రవేశాల్లో సర్కారు బడి పిల్లలకు పదో తరగతి ఫలితం మీద కొంత వెయిటేజీ కలిపే పద్ధతి ఉంది. ఆ కాస్త వెయిటేజీతోనే ఇంజినీర్లయినవాళ్లున్నారు.

లోపాలు దాచిపెట్టి లాభం లేదు. రెండు తరగతులకు ఒకే టీచర్ ఉండే ప్రాథమిక బడులు ఇంకా ఉన్నాయి. మరుగుదొడ్డి కడిగే మనిషి లేక, ఆడపిల్లలు ఇంటికొచ్చేదాకా నీళ్లు తాగకుండా ఉండే బడులూ ఉన్నాయి. ఎన్నికలకీ సర్వేలకీ టీచర్లను తీసుకెళ్తూనే ఉన్నారు. వీటిని చూసి బిడ్డను వెనక్కి తీసుకెళ్లిన తల్లిని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు.

కాబట్టి బోర్డు చూసి కాదు, బడి చూసి ఎంచుకోండి. మీ ఇంటికి దగ్గరలో ఉన్న రెండు మూడు బడులకు, సర్కారువీ ప్రైవేటువీ, పని దినాన వెళ్లండి. తరగతికి ఎంతమంది పిల్లలు, ఎంతమంది టీచర్లు అని అడగండి. మరుగుదొడ్డి చూడండి. మూడో తరగతి పిల్లవాడిని పిలిచి, వాళ్ల క్లాసు పుస్తకం కాకుండా రెండో తరగతి కథ ఒకటి చదివించండి. కూడబలుక్కోకుండా చదివి, అర్థం చెప్పగలిగితే అక్కడ చదువు జరుగుతోందన్నమాట. రైమ్ అప్పజెప్పడం, గుడ్ మార్నింగ్ చెప్పడం పరీక్ష కాదు. టీచర్లు ఏటా మారిపోతున్నారేమో కనుక్కోండి. ప్రైవేటులో ఇదే పెద్ద జబ్బు.

బడి మార్చాలనుకున్నవాళ్లను ఆపే భయం టీసీ. బాకీ కట్టేదాకా ఇవ్వమంటారు. 2009 విద్యాహక్కు చట్టం ఐదో సెక్షన్ ప్రకారం, టీసీ ఆలస్యమైందన్న కారణంతో సర్కారు బడి చేర్చుకోకుండా ఉండకూడదు. ఎనిమిదో తరగతి దాకా ఇది వర్తిస్తుంది. ఈ ముక్క తెలియక ఏడాదంతా బిడ్డను ఇంట్లో కూర్చోబెట్టినవాళ్లున్నారు.

అదే చట్టంలోని పన్నెండో సెక్షన్ ప్రైవేటు బడుల్లో 25 శాతం సీట్లు పేదలకివ్వాలంటుంది. 2012లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ఆంధ్రప్రదేశ్ 2022-23 నుంచి అమలు చేస్తోంది. తెలంగాణలో రాష్ట్రం ఏర్పడి పదేళ్లు గడిచినా ఆ సీట్లు దక్కలేదు. పేద పిల్లలు వస్తే మిగతావాళ్ల చదువు పాడవుతుందని ప్రైవేటు బడుల్లో కొందరు తల్లిదండ్రులు భయపడతారు. పైన చెప్పిన ప్రయోగంలో దాన్నీ కొలిచారు. అప్పటికే ప్రైవేటులో ఉన్న పిల్లల మార్కులు తగ్గలేదు.

ఇక ముఖ్యమంత్రి హామీ ఇచ్చిన బడి. అది రావాలి, త్వరగా రావాలి. కానీ యూనియన్ కార్డు ఉన్నవాళ్ల పిల్లలకే అయితే, పక్క గదిలో ఉండే ఆటో డ్రైవరు కూతురు, ఇళ్లలో పనిచేసే ఆమె కొడుకు గేటు బయటే ఉండిపోతారు. ఈ గల్లీల్లో ఒకే ఇంట్లో అన్నకు కార్డుంటుంది, తమ్ముడికి ఉండదు. యూసుఫ్‌గూడ, రహమత్‌నగర్ పిల్లలందరికీ అది తెరిచి ఉండాలి. సాయంత్రం ఏడింటిదాకా పిల్లలు భద్రంగా చదువుకునే గది ఉండాలి. ఆ బడి కట్టేదాకా ఆగకుండా, ఇప్పుడున్న బస్తీ బడుల్లో వచ్చే ఏడాదే నర్సరీ తరగతులు పెట్టొచ్చు.

ఇంకో చిన్న పని ఉంది, దానికి ఎకరాలు అక్కర్లేదు. బడిబాట కార్యక్రమంలో సర్కారు టీచర్లు ఇంటింటికీ వచ్చి పిల్లల్ని చేర్పించమని అడిగేది జూన్‌లో. ప్రైవేటు బడుల అడ్మిషన్లు సంక్రాంతి ముందే మొదలవుతాయి, మార్చికల్లా మొదటి టర్మ్ ఫీజు కట్టేసి ఉంటారు. జూన్‌లో వచ్చే టీచర్ మాట నచ్చినా, కట్టిన డబ్బు వెనక్కి రాదు. యూసుఫ్‌గూడ బడుల టీచర్లు బడిబాట కరపత్రాలు పట్టుకొని జనవరి మొదటి వారంలోనే కృష్ణానగర్ గల్లీల్లోకి రావాలి, మూడేళ్ల పిల్లలున్న ఇళ్లకు ముందు.