వేడినీటికి ఎండ చాలును

100 లీటర్ల నీటిని 25 డిగ్రీల నుండి 60 డిగ్రీలకు కాచడానికి గీజరుకు 4 యూనిట్లకు పైగా విద్యుత్తు కావాలి. బెంగళూరు మిద్దెలపై సౌర హీటరు ఆ పనిని ఎండతోనే నెరవేరుస్తుంది.

దక్షిణాభిముఖంగా, ఏటవాలుగా అమర్చిన ఫలకంలో వేడెక్కిన నీరు తేలికై పైనున్న ట్యాంకును చేరుతుంది. చల్లని నీరు కిందికి దిగుతుంది. దీనికి మోటారు అక్కరలేదు. ట్యాంకు చుట్టూ ఉన్న ఉష్ణనిరోధక పొర మరునాటి ఉదయం వరకు వేడిని నిలుపుతుంది.

బోరునీటిలోని లవణాలు ఫలకపు సన్నని రాగి గొట్టాలలో పేరుకొని ప్రవాహాన్ని అడ్డగిస్తాయి. అట్టి ఇళ్లకు గాజు గొట్టాల రకం మేలు. కావేరి నీరు వచ్చే ఇళ్లకు రాగి ఫలకాల రకమూ తగినదే.

రాత్రి వాడిన వేడినీటి స్థానంలో చేరే చల్లని నీరు తెల్లవారేలోగా వేడెక్కదు. కనుక ఉమ్మడి ట్యాంకు ఉన్నచోట ఇరుగుపొరుగువారు వాడుక వేళలను ముందుగా మాట్లాడుకోవడం మంచిది. ఇల్లు అద్దెకు తీసుకొనేవారు ఒక ట్యాంకును ఎన్ని కుటుంబాలు వాడుకొంటున్నాయో విచారించుకోవాలి.

ట్యాంకులోని విద్యుత్ కాయిల్ మబ్బు దినాల కొరకే. దానిని నిత్యం వేసి ఉంచితే ఎండ ఉచితంగా చేసే పనికి బిల్లు చెల్లించవలసి వస్తుంది. కుళాయిలో వేడినీటికి ముందు వచ్చే చల్లని నీటిని బకెట్టులో పట్టి గిన్నెలకు, మొక్కలకు వినియోగించాలి.