వెనక చక్రం ఎందుకు గెంతుతుంది?

పాత కారును ముచ్చటపడి తీర్చిదిద్దుకునేవాళ్లు చాలామంది ముందుగా రిమ్ములు కొనేస్తారు. కంటికి ఆనేవి అవే మరి. కానీ ఆ చక్రం ఎంత వెడల్పు ఉండొచ్చో, ఎంత లోపలికి కూర్చోవాలో తేల్చేది దాని పక్కనే ఉన్న కమాన్ పట్టీలు. కాబట్టి ముందుగా వెనక సస్పెన్షన్ సంగతి చూసుకోవాలి. చక్రాల బేరం ఆ తర్వాతే.

అమెరికాలో ఇలా మార్పులకు నోచుకునే కార్లలో మొదటి తరం షెవ్రొలే కమారో ఒకటి. 1967 మోడల్‌గా 1966 సెప్టెంబరులో వచ్చింది. దాని వెనక ఇరుసును మోసేవి కమాన్లే, అయితే ఒక్కో పక్క ఒక్కటే పట్టీ. మన లారీల కింద పట్టీ మీద పట్టీ పేర్చి ఉంటుందే, అలా కాదు. ఈ ఒంటి పట్టీ తేలిక. చిక్కల్లా యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు వస్తుంది.

ఇంజను చక్రాన్ని ముందుకు తిప్పుతుంటే, ఇరుసు గొట్టం అంతే బలంతో వెనక్కి తిరగబోతుంది. దాన్ని పట్టి ఆపాల్సింది కమానే. ఒంటి పట్టీ ఆ మెలికకు తాళలేక పాములా వంకర తిరుగుతుంది: ఇరుసుకు ముందున్న సగం పైకి ఉబ్బుతుంది, వెనక సగం కిందికి దిగుతుంది. ఇంతలో టైరు పట్టు తప్పి జారుతుంది. బిగిసిన పట్టీ, వదిలిన వింటినారిలా ఒక్కసారిగా వెనక్కి వస్తుంది. టైరు మళ్లీ రోడ్డును పట్టుకుంటుంది, మళ్లీ మెలిక. ఇదంతా క్షణాల్లో పదేపదే జరిగి చక్రం దడదడా గెంతుతుంది. దీన్ని తగ్గించడానికే 1968 మోడల్‌లో ఒక షాక్ అబ్జార్బర్‌ను ఇరుసుకు ముందు, రెండోదాన్ని వెనక బిగించారు. శక్తిమంతమైన ఇంజన్లున్న కార్లకు పట్టీలూ పెంచారు.

కమాన్లు పీకేసి కాయిల్ స్ప్రింగులు, నాలుగు లింకులు అమర్చే కిట్లు ఇప్పుడు దొరుకుతాయి. బాగానే పనిచేస్తాయి. కానీ రోడ్డు మీద తిరిగే బండికి అంత అవసరం లేదని నా నమ్మకం. పట్టీలు ఎక్కువున్న మంచి కమాన్, కొత్త బుష్‌లు, సరైన షాక్‌లు చాలు.

ఇక చక్రం. కమారోకు ఐదు బోల్టులు, అవి కూర్చున్న వలయం వ్యాసం 120.65 మి.మీ. ఐదు బోల్టుల ఫోర్డ్ మస్టాంగ్‌కైతే 114.3. ఐదింటిలో ఏ బోల్టుకూ సరిగ్గా ఎదురుగా మరోటి ఉండదు గనుక వ్యాసాన్ని నేరుగా కొలవలేం. పక్కపక్క బోల్టుల కేంద్రాల మధ్య దూరం కొలిచి 1.7తో గుణించాలి. ఆ దూరం కమారోకు దాదాపు 70.9, మస్టాంగ్‌కు 67.2. తేడా నాలుగు మిల్లీమీటర్లు కూడా లేదు. ‘బిగిస్తే అదే కూర్చుంటుంది’ అనుకుంటే ప్రమాదమే: నట్టు సరిగా ఆనదు, బోల్టు వంగి వంగి చివరికి తెగుతుంది.

ఆఫ్‌సెట్ (రిమ్ము మధ్యగీతకూ, అది హబ్‌కు ఆనే తలానికీ మధ్య దూరం) మార్చకుండా 7 అంగుళాల రిమ్ము బదులు 8 అంగుళాలది వేస్తే, అంచులు లోపలికీ బయటికీ చెరో 12.7 మి.మీ. జరుగుతాయి. లోపల కమాన్, బయట మడ్‌గార్డ్ అంచు. కారు ఊరికే నిలబడి ఉన్నప్పటి ఖాళీని నమ్మకండి. గతుకులో ఇరుసు పైకి లేస్తుంది, మలుపులో పక్కకు జరుగుతుంది.

మన అంబాసిడర్‌కూ వెనక కమాన్లే, రెండు చక్రాలకూ కలిపి ఒకే ఇరుసు. దాన్ని ముస్తాబు చేయిస్తున్నవాళ్లు రిమ్ములకు డబ్బు కట్టేముందు, జాకీతో ఇరుసును చివరిదాకా పైకెత్తించి, టైరుకు రెండు పక్కలా ఎంత జాగా మిగిలిందో దగ్గరుండి కొలిపించుకోండి.