ఆడపిల్ల వెంట నడిచే అడుగులు

షూషను కోటలో తల్లీ తండ్రీ లేని ఒక యూదుల అమ్మాయి ఉండేది. పేరు హదస్సా. మనందరికీ తెలిసిన పేరు ఎస్తేరు. బంధువైన మొర్దెకై ఆమెను తన సొంత కూతురిలా పెంచుకున్నాడు. కొన్నాళ్లకు రాజాజ్ఞ వచ్చింది, ఆ పిల్లను అంతఃపురానికి తీసుకుపోయారు. ఇక తన బాధ్యత తీరిపోయిందని మొర్దెకై ఇంటిదారి పట్టలేదు. ఆమె ఎలా ఉందో, ఆమెకు ఏం జరుగుతుందో తెలుసుకోవడానికి ప్రతిరోజూ అంతఃపురం ముంగిట అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాడని ఎస్తేరు గ్రంథం రెండో అధ్యాయం చెబుతోంది. ఎస్తేరు చూపిన ధైర్యం మీద మనం ఎన్నో ప్రసంగాలు విన్నాం. ఆ ధైర్యం వెనుక, రోజూ ఆ ముంగిట పడిన అడుగుల గురించి విన్నది మాత్రం చాలా తక్కువ!

ఉభయ గోదావరి జిల్లాల సంఘాల్లో ఈ మధ్య ఒక మంచి ఆలోచన తరచుగా వినబడుతోంది. ‘మన ఆడపిల్లల కోసం ఏదైనా ఒక సంస్థ పెడితే బాగుంటుంది’ అని స్త్రీల సమాజాల్లో అక్కలు అనుకుంటున్నారు. ఆలోచన మంచిదే. కానీ ఆ వెంటనే వచ్చే ప్రశ్నలు ఏమిటి? స్థలం ఎవరిస్తారు, భవనం ఎవరు కట్టిస్తారు, విదేశాల నుంచి సాయం వస్తుందా, అధ్యక్షులుగా ఎవరుండాలి? ఇవన్నీ తేలేసరికి ఆ ఆడపిల్లలు పెళ్లయి అత్తవారింట్లో ఉంటారు. అందుకే మేము ఒక్క మాట గట్టిగా చెప్పదలచాం. ఆడపిల్ల కోసం పెట్టే ఏ సంస్థకైనా పునాది, ఆమె ఎలా ఉందో రోజూ అడిగే ఒక మనిషి. ఆ మనిషి ఉంటే సంస్థ తర్వాత లేచి నిలబడుతుంది. ఆ మనిషి లేకపోతే ఎంత పెద్ద భవనమైనా ఖాళీ ఇల్లే.

అంత అవసరం ఏమొచ్చింది అంటారా? 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలు చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో 20 నుంచి 24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతం మందికి 18 ఏళ్లు నిండకముందే పెళ్లయిపోయింది. దేశం మొత్తం మీద ఆ సంఖ్య 23.3 శాతం. అంటే మనం దేశ సగటు కన్నా వెనకబడి ఉన్నాం. 15 నుంచి 19 ఏళ్ల అమ్మాయిల్లో 12.6 శాతం మంది సర్వే నాటికే తల్లులయ్యారు లేదా గర్భవతులుగా ఉన్నారు. అన్నపూర్ణ లాంటి ఈ నేల మీద మరో బాధ కూడా ఉంది. కోనసీమ నుంచి, నరసాపురం వైపు నుంచి ఎందరో తల్లులు ఇంటిపనికి కువైట్‌కూ ఇతర గల్ఫ్ దేశాలకూ వెళ్లారు. తల్లి పంపే డబ్బుతో ఇల్లు లేస్తుంది, అప్పు తీరుతుంది. కానీ పదమూడేళ్ల పిల్ల పెద్దమనిషి అయిన రోజున పక్కన ఉండేది ముసలి అమ్మమ్మ ఒక్కతే. ఆ పిల్ల తన భయాన్ని ఎవరితో చెప్పుకోవాలి? ‘బాధ్యత తీరిపోతుంది’ అని తొందరపడి సంబంధం చూసే పెద్దలను ఆపేదెవరు?

ఈ ప్రశ్నలు మన గోదావరి ఒడ్డుకు కొత్తవి కావు. నూటయాభై ఏళ్లుగా ఈ నేల వాటికి రకరకాల జవాబులు వెదికింది. వాటిలో మూడింటిని మనం గుర్తు చేసుకోవాలి.

మొదటిది రాజమండ్రిలో ఒక ఇంటి కథ. కందుకూరి వీరేశలింగం 1874లో ధవళేశ్వరంలో బాలికల పాఠశాల పెట్టారు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించారు. ఆ రోజుల్లో బాల వితంతువులంటే ఎవరు? చాలామంది ఈనాటి మన హైస్కూలు పిల్లల ఈడు వారే! ఊరు ఆయన్ని వెలివేసింది. వంటవాళ్లు రాలేదు, నీళ్లు మోసేవాళ్లు రాలేదు. అప్పుడు ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ తానే గోదావరి నుంచి నీళ్లు మోసి, తానే వండి పెట్టారు. ఆ పిల్లలకు తన ఇంట్లోనే చోటిచ్చి తల్లిలా చూసుకున్నారు. సంస్కరణ అని చరిత్రలో రాసేది ఉపన్యాసాలనూ, పత్రికలనూ. ఆ పిల్లలకు మాత్రం సంస్కరణ అంటే ఆమె వడ్డించిన అన్నం, ఆమె ఇచ్చిన చాప. మన స్త్రీల సమాజంలో వేదిక ఎక్కి మాట్లాడలేని అక్కలు కూడా ఎంత గొప్ప సేవ చేయగలరో ఆ తల్లి జీవితం చెబుతోంది.

రెండోది నరసాపురం లేసు కథ. ఇది మన మిషనరీల చరిత్రలో భాగం గనుక మనం మరింత శ్రద్ధగా వినాలి. 19వ శతాబ్దంలో మిషనరీ కుటుంబాల స్త్రీలు ఈ ప్రాంతపు పేద క్రైస్తవ స్త్రీలకు, బాలికలకు లేసు అల్లడం నేర్పారు. చేతిలో పని ఉంటే పస్తు ఉండదని వారి ఉద్దేశం. ఆ అల్లిక తర్వాత ఇతర కులాల ఇళ్లలోకీ పాకింది. విదేశాలకు ఎగుమతి అయింది. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. ఇంత పేరొచ్చిన పనిలో అల్లిన చేతులకు ఏం మిగిలింది? జర్మనీ దేశపు సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ నరసాపురం లేసు స్త్రీల మీద 1982లో ఒక పుస్తకం ప్రచురించారు. గంటల తరబడి అల్లే స్త్రీకి దక్కేది అతి స్వల్పమని, లాభమంతా దళారులకు, ఎగుమతిదారులకు పోతోందని ఆమె చూపించారు. ఇంటిపట్టున కూర్చుని ఖాళీ సమయంలో చేసే పని అని దానికి పేరు పెట్టడం వల్ల, ఆ కష్టానికి కూలి అడిగే హక్కే లేకుండా పోయిందని ఆమె వివరించారు. ఆ తొలి మిషనరీల మనసును మనం తప్పుపట్టనక్కరలేదు. కానీ ఒక పాఠం నేర్చుకోవాలి. ఆడపిల్లకు సూది ఇస్తే చాలదు, లెక్క కూడా నేర్పాలి. కుట్టుమిషన్లు పంచి ఫొటో దిగి వచ్చేయడం తేలిక. గజం గుడ్డ ఎంత, దారం ఎంత, తన రోజు కూలి ఎంత, ఎవరికి ఎంతకు అమ్మాలి, బ్యాంకు పుస్తకం ఎవరి పేరున ఉండాలి అని నేర్పడానికి నెలల తరబడి పక్కన కూర్చోవాలి. సేవ అంటే ఆ కూర్చోవడమే.

మూడోది, అన్నిటికన్నా మన విషయానికి దగ్గరైనది దుర్గాబాయి దేశ్‌ముఖ్ కథ. ఆమె 1909 జూలై 15న రాజమండ్రిలో పుట్టారు, కాకినాడలో పెరిగారు. ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు. కాస్త ఊహ తెలిశాక ఆ కాపురం తనకు వద్దని ఆమె చెబితే, తండ్రి, తమ్ముడు ఆమె పక్కన నిలబడ్డారు. ఈ ఒక్క వాక్యం దగ్గర మనం కాసేపు ఆగాలి. ఆ కాలంలో ఆడపిల్ల చెప్పిన మాటను ఇంట్లో మగవాళ్లు విన్నారు! వినకపోయి ఉంటే ఆ తర్వాతి చరిత్ర ఏదీ ఉండేది కాదు.

1921లో గాంధీజీ కాకినాడ వచ్చినప్పుడు ఆమెకు పన్నెండేళ్లు కూడా నిండలేదు. దేవదాసీ స్త్రీలు, బురఖా వేసుకునే ముస్లిం స్త్రీలు ఆయన మాట వినాలని పట్టుబట్టి, వారి చేత 5,000 రూపాయల నిధి పోగు చేయించి, ఆ సభ జరిపించారు. ఆ వయసులోనే బాలికల కోసం హిందీ పాఠశాల పెట్టి తాను నేర్చుకున్నది తోటివారికి నేర్పారు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లారు. అక్కడ చదువు రాక, తమ మీద ఉన్న కేసు ఏమిటో కూడా తెలియక మగ్గుతున్న స్త్రీలను చూశారు. బయటికి వచ్చాక ప్రైవేటుగా చదివి బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్ పరీక్ష పాసయ్యారు. ఆ తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో డిగ్రీ, మద్రాసులో న్యాయశాస్త్రం పూర్తి చేశారు.

1937లో మద్రాసులో ఆమె మొదలుపెట్టింది ఏమిటో తెలుసా? ‘లిటిల్ లేడీస్ ఆఫ్ బృందావన్’ అనే చిన్న బాలికల క్లబ్బు. బడికి దూరమైన అమ్మాయిలను కూర్చోబెట్టి, తాను పాసైన ఆ బెనారస్ మెట్రిక్ పరీక్షకే వారిని తయారుచేశారు. తాను దాటిన ఏటినే చెయ్యి పట్టుకుని వారి చేతా దాటించారన్నమాట! ఆ చిన్న క్లబ్బే పెరిగి ఆంధ్ర మహిళా సభ అయింది. బడులు, కళాశాలలు, ఆస్పత్రులతో మద్రాసు, హైదరాబాదుల్లో వేల కుటుంబాలకు నీడనిచ్చింది. ఆమె రాజ్యాంగ సభలో సభ్యురాలయ్యారు, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలయ్యారు. ఇంత పెద్ద చెట్టుకు విత్తనం ఏది? కొద్దిమంది అమ్మాయిలు, ఒక పరీక్ష, వారిని వదలని ఒక అక్క.

మన సంఘాలు ఈనాడు అదే పని చేయవచ్చు. బడి మానేసిన, 14 ఏళ్లు దాటిన అమ్మాయి సార్వత్రిక విద్యాపీఠం ద్వారా పదో తరగతి పరీక్ష రాయవచ్చు. బడికే తిరిగి వెళ్లగలిగితే కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు ఉన్నాయి. దరఖాస్తు నింపేవారు, లెక్కలు చెప్పేవారు, పరీక్ష రోజున వెంట వెళ్లేవారు కావాలి. రిటైరైన టీచరమ్మలు లేని సంఘం గోదావరి జిల్లాల్లో ఉందా? వారంలో రెండు సాయంత్రాలు సంఘం గది తాళం తీస్తే చాలు, పని మొదలవుతుంది. ఒక్కో అక్క ఇద్దరు ముగ్గురు పిల్లల బాధ్యత తీసుకోవాలి, అంతకు మించి వద్దు. మతం అడగవద్దు, కులం అడగవద్దు. దేవుడు తన వాన కురిపించేటప్పుడు ఎవరి చేను అని అడగడు కదా!

పని కుదురుకున్నాక చట్టప్రకారం నమోదు చేయించుకోవాలి. 2001 నాటి మన రాష్ట్ర సొసైటీల చట్టం ప్రకారం కనీసం ఏడుగురు సభ్యులుంటే సొసైటీగా నమోదు కావచ్చు. ఆ ఏడుగురిలో ఎక్కువమంది స్త్రీలే ఉండాలని, ఒకే కుటుంబం వారు కాకూడదని మా మనవి. ఏటా లెక్కలు సంఘం ముందు చదివి వినిపించాలి. విదేశీ విరాళం తీసుకోవాలంటే కేంద్ర ప్రభుత్వం దగ్గర ప్రత్యేకంగా అనుమతి పొందాలి. 2020 సవరణ తర్వాత ఒక సంస్థకు వచ్చిన విదేశీ సొమ్మును మరో సంస్థకు బదిలీ చేయడానికి వీల్లేదు. అందుకే సంఘంలో నెలకు వంద రూపాయలిచ్చే వందమంది దూరపు దాతకన్నా మేలు. హాస్టల్ పెట్టే తొందర అసలే వద్దు. ఆదరణ అవసరమైన పిల్లలను ఉంచే ఏ గృహమైనా 2015 నాటి బాలల న్యాయ చట్టం కింద నమోదు కావాలి.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన మాట, ఆ పిల్లల భద్రత. పిల్లలతో ఎప్పుడూ ఇద్దరు పెద్దలు ఉండాలి, తలుపు తెరిచి ఉండాలి. ఒక పిల్ల తనపై జరిగిన లైంగిక వేధింపు గురించి నోరు విప్పితే ‘సంఘం పరువు పోతుంది, ప్రార్థన చేద్దాం, ఊరుకో’ అనకండి. ప్రార్థన చేయండి, దానితోపాటు పోలీసులకు చెప్పండి. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తెలిసీ చెప్పకపోవడం నేరం. ఆమె పేరు, ఫొటో ఎక్కడా బయటపెట్టకూడదు. 1098 నంబరు ప్రతి సంఘం గోడమీద, అమ్మాయిల కంట పడేచోట రాసి ఉంచండి.

పాస్టరుగారికీ ఒక బాధ్యత ఉంది. చాలా సంఘాల్లో పెళ్లికి ముందు ఆదివారాలు ప్రకటన చదువుతారు. ఆ ప్రకటనకు ముందే పుట్టినతేదీ సర్టిఫికెట్ చూడాలి. 18 నిండని పిల్ల పెళ్లి జరిపించినవారికి 2006 నాటి చట్టం ప్రకారం రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడవచ్చు. అయితే చట్టానికి భయపడి ఆగడం మొదటి మెట్టు మాత్రమే. ‘మరి మా పిల్లను ఏం చేయమంటారు పాస్టరుగారూ?’ అని ఆ తల్లిదండ్రులు అడిగినప్పుడు, వారానికి రెండు సాయంత్రాలు తెరిచి ఉండే ఆ గదిని చూపించగలగాలి. చూపించడానికి గది లేనప్పుడు మన హితబోధ వాళ్లకు బరువే గాని ఆసరా కాదు.

దేవదూత చెప్పిన మాట విన్న తర్వాత మరియ ఎక్కడికి వెళ్లింది? కొండసీమలో ఉన్న పెద్దదైన ఎలీసబెతు ఇంటికి. ఆ పెద్దావిడ ఆ చిన్నదాన్ని ప్రశ్నలతో గుచ్చలేదు, సంతోషంగా లోపలికి పిలిచింది. మరియ ఇంచుమించు మూడు నెలలు అక్కడ ఉందని లూకా రాశాడు. మన ఊళ్లో భయంతో, గందరగోళంతో ఉన్న అమ్మాయి ఏ గుమ్మం తొక్కుతుంది? ఆ గుమ్మం మీది, మాది, మన సంఘానిది కావాలని ఆశిద్దాం. అందుకు ఈ వారమే ఒక పని చేద్దాం. మన వీధిలో పదమూడు నుంచి పద్దెనిమిది ఏళ్ల మధ్య ఉన్న అమ్మాయిల పేర్లు ఒక కాగితం మీద రాసుకుందాం. ఒక్కో పేరు పక్కన, ఆమె ఎలా ఉందో అడిగే బాధ్యత తీసుకున్న అక్క పేరు రాద్దాం. పక్కన ఏ పేరూ లేని అమ్మాయి దగ్గరికే మన మొదటి అడుగు పడాలి.