తెప్ప, షాషా, కయాక్: పిల్లలతో ఒమన్ జలవిహారానికి తగిన పడవ ఏది?

ఒమన్ దేశానికి మూడువేల కిలోమీటర్లకు పైబడిన సముద్రతీరం ఉన్నది. మస్కట్ నగరంలో నివసించే తెలుగు కుటుంబాలకు సముద్రం ఎంతో దూరంలో ఉండదు. శుక్ర, శనివారాల సెలవులలో పిల్లలను వెంటబెట్టుకొని కురుమ్ తీరానికో, కంతబ్ గ్రామానికో, బందర్ ఖైరాన్ సముద్రపు పాయలకో వెళ్లడం వారికి అలవాటే. ఒడ్డున కూర్చొని అలలను చూడటంతో తృప్తి చెందక, సొంతంగా ఒక చిన్న పడవ కొనుక్కొని తెడ్డు వేసుకుంటూ తిరగాలన్న కోరిక కలగడం కూడా సహజమే. కోరిక మంచిది. కాని దుకాణంలో రంగు, ధర చూసి పడవను ఎంచుకోవడం మాత్రం మంచిది కాదు. అందులో కూర్చోబోయేది నాలుగేళ్ల పాప అయినప్పుడు, ఆ ఎంపికకు కొంత భౌతికశాస్త్రం, కొంత రసాయనశాస్త్రం, ఇంకొంత స్థానిక వాతావరణ జ్ఞానం అవసరమవుతాయి.

నీటితో పరాచికాలు కూడదని గుర్తుచేసే ఘటనలకు కొదవ లేదు. 2019 సెప్టెంబరు 15న గోదావరిపై కచ్చులూరు వద్ద డెబ్బైమందికి పైగా ఉన్న విహారపు పడవ మునిగింది. ప్రాణాలతో బయటపడినవారిలో అనేకులు లైఫ్ జాకెట్లు ధరించినవారే. 2022 జూలైలో సలాలా సమీపంలోని ముగ్సైల్ తీరంలో, రక్షణ కంచె దాటి నిలబడిన భారతీయ కుటుంబసభ్యులను ఒక పెద్ద అల ఈడ్చుకుపోయింది. మృతులలో పిల్లలు కూడా ఉన్నారు. మొదటిది పడవకు, రెండవది తీరానికి సంబంధించిన దుర్ఘటన. రెండింటా నీటి బలాన్ని తక్కువగా అంచనా వేయడమే కనిపిస్తుంది.

పాత పడవలు చెప్పే పాఠం

ఒమన్‌లోని బాతినా తీరపు జాలరులు తరతరాలుగా షాషా అనే చిన్న పడవను వాడుతూ వచ్చారు. ఖర్జూరపు మట్టల ఈనెలను తాళ్లతో కట్టి, అడుగున తేలికైన మట్టమొదళ్లను కూరి దానిని తయారుచేస్తారు. నీరు లోపలికి రాకుండా అడ్డుకోవాలన్న ప్రయత్నమే అందులో ఉండదు. ఈనెల సందుల్లో నుండి నీరు వస్తుంది, అలాగే పోతుంది. కూర్చిన పదార్థం నీటికంటె తేలిక కనుక పడవ మునగదు. నీరు పీల్చుకొని బరువెక్కినప్పుడు ఒడ్డుకు లాగి ఎండబెడతారు.

ఆంధ్ర తీరంలో దుంగలను జతచేసి కట్టే తెప్పకు కూడా ఆధారం ఈ సూత్రమే. అల మీదనుండి పోయినా తెప్పలోని నీటిని తోడవలసిన పని లేదు. ఈనాడు దుకాణాలలో 'సిట్ ఆన్ టాప్' అన్న పేరుతో అమ్ముతున్న ప్లాస్టిక్ కయాక్ ఈ రెండింటికీ దగ్గరి బంధువు. దాని పొట్ట పూర్తిగా మూసివేసి ఉంటుంది. మనుషులు పైభాగంలో కూర్చుంటారు. పైన పడిన నీరు నిలువు రంధ్రాల గుండా కిందికి జారిపోతుంది.

కొల్లేటిలో తాటిదోనెలు వాడేవారు సన్నని దోనెలు రెంటిని పక్కపక్కన కట్టి నడపడం ఎరుగుదురు. క్రీస్తుశకం మొదటి శతాబ్దికి చెందిన 'పెరిప్లస్' అనే గ్రీకు నౌకాయాన గ్రంథం భారత తూర్పుతీరంలో దుంగలు జతపరచి కట్టిన 'సంగర' అనే పడవలను పేర్కొన్నది. రెండు దోనెలను ఎందుకు కలపాలి? ఈ ప్రశ్నకు సమాధానమే పిల్లల పడవను ఎంచుకోవడంలో మొదటి మెట్టు.

వెడల్పులోనే నిలకడ

పడవ తన బరువుకు సమానమైన బరువుగల నీటిని తొలగించి తేలుతుందన్న ఆర్కిమెడీస్ సూత్రం బడిపిల్లలకు కూడా తెలుసు. తేలడం వేరు, నిటారుగా నిలవడం వేరు. పడవ ఒక పక్కకు ఒరిగినప్పుడు ఆ పక్కన మునిగిన భాగం పెరిగి, ఉత్ప్లవన బలం పనిచేసే స్థానం అటువైపు జరుగుతుంది. ఆ బలం పడవను తిరిగి నిలబెడుతుంది. ఈ నిలబెట్టే శక్తి పొడవుకు అనులోమంగానూ, వెడల్పు యొక్క ఘనానికి అనులోమంగానూ ఉంటుంది. అంటే అదే పొడవు, అదే బరువు గల రెండు పడవలలో ఒకటి 75 సెంటీమీటర్ల వెడల్పు, మరొకటి 60 సెంటీమీటర్ల వెడల్పు ఉన్నాయనుకుంటే, వెడల్పులో తేడా అయిదవ వంతు మాత్రమే అయినా రెండవదాని నిలకడ దాదాపు సగానికి పడిపోతుంది. 0.8ను మూడుసార్లు గుణిస్తే వచ్చేది 0.512. జంటదోనెల రహస్యం ఇదే.

దీనికి ఎదురుగా పనిచేసేది గరిమనాభి ఎత్తు. పెద్దలు ఎత్తైన ఆసనం మీద కూర్చున్నా, పిల్లవాడు చేపను చూడాలని లేచి నిలబడినా గరిమనాభి పైకి పోతుంది, నిలకడ తగ్గుతుంది. ఇద్దరు పిల్లలు ఒకే పక్కకు వంగితే అది మరింత ప్రమాదకరం. కనుక చిన్నపిల్లలున్న కుటుంబానికి 75 నుండి 85 సెంటీమీటర్ల వెడల్పు గల పడవ తగినది. పోటీలకు, దూరప్రయాణాలకు తయారైన సన్నని కయాక్‌లు ఎంత అందంగా ఉన్నా పనికిరావు.

వెడల్పే సర్వస్వమయితే కృష్ణా తుంగభద్రలపై తిరిగే గుండ్రని పుట్టి అన్నింటికంటె ఉత్తమం కావాలి. పుట్టి సులభంగా ఒరగదు నిజమే, కాని తెడ్డు వేసిన ప్రతిసారీ గిర్రున తిరుగుతుంది. దిశ నిలుపుకోవడానికి పొడవు కావాలి. మూడున్నర నుండి నాలుగు మీటర్ల పొడవు గల పడవ తిన్నగా పోతుంది. అంతకు మించిన పొడవు వల్ల వేగం పెరుగుతుందని ఆశపడనక్కరలేదు. నీటిపై సాగే పడవ వేగానికి ఒక సహజమైన హద్దు ఉన్నది. సెకనుకు మీటర్లలో చెబితే అది నీటిరేఖ పొడవు యొక్క వర్గమూలానికి సుమారు 1.25 రెట్లు. నాలుగు మీటర్ల పడవకు ఇది గంటకు 9 కిలోమీటర్లు. పిల్లలతో తెడ్డు వేసే తల్లిదండ్రుల వేగం అందులో సగం కూడా ఉండదు.

బరువు లెక్క

తయారీదారు పేర్కొన్న గరిష్ఠ భారం పడవ తేలుతూ ఉండగల హద్దు మాత్రమే, హాయిగా నడిచే బరువు కాదు. అందులో మూడింట రెండు వంతులకు మించి నింపకపోవడం వివేకం. నీటి ఉపరితలం వద్ద సుమారు 2 చదరపు మీటర్ల వైశాల్యం ఆక్రమించే పడవ, ప్రతి 20 కిలోల అదనపు బరువుకు ఒక సెంటీమీటరు చొప్పున సముద్రపు నీటిలో దిగుతుంది. తండ్రి 75 కిలోలు, తల్లి 60, పిల్లలిద్దరూ కలిసి 32, నీళ్లసీసాలు, ఫలహారాలు మరో 10 కిలోలు అనుకుంటే మొత్తం 177 కిలోలు. అంటే ఖాళీగా ఉన్నప్పటికంటె దాదాపు 9 సెంటీమీటర్లు కిందికి. ఆ మేరకు అంచు నీటికి దగ్గరవుతుంది. నీరు పోవలసిన రంధ్రాల గుండానే నీరు పైకి ఉబికి రావచ్చు.

ఇందువల్ల నలుగురి కుటుంబం ఒకే పడవలో ఇరుక్కోవడం కంటె, రెండు పడవలలో ఒక్కొక్క పెద్దవారికి ఒక్కొక్క బిడ్డ చొప్పున సర్దుకోవడం మేలు. పడవ బోల్తాపడితే ప్రతి బిడ్డకూ ఒక పెద్దవారి చేయి అందుబాటులో ఉండాలన్నదే ఇక్కడి అసలు నియమం. ఆ రెండు పడవలూ ఎప్పుడూ పిలిస్తే పలికే దూరంలోనే ఉండాలి.

ఏ రకం దేనికి?

సిట్ ఆన్ టాప్ కయాక్ బోల్తాపడినా లోపల నీరు నిండదు. దానిని తిరగేసి మళ్లీ ఎక్కవచ్చు. పిల్లవాడి కాళ్లు ఎక్కడా చిక్కుకోవు. ఒమన్ వెచ్చని నీటికి, చిన్నపిల్లలకు ఇదే ఎక్కువ అనుకూలమైనది.

లోపల కూర్చునే కయాక్‌లో ఎండ తక్కువ, గరిమనాభి కిందికి ఉంటుంది. కాని బోల్తాపడితే బిడ్డను బయటికి లాగాలి, పడవలో నిండిన నీటిని తోడాలి. ఆ నీరు ఒరిగిన పక్కకే పరుగెత్తి నిలకడను చెడగొడుతుంది. కెనూ అనే తెరిచిన పడవలో సామాను పెట్టుకోవడానికి, పిల్లలు కదలడానికి చోటు ఎక్కువ. నిశ్చలమైన పాయలకు తగినదే అయినా, దాని ఎత్తైన పక్కలను గాలి పట్టుకుంటుంది.

గాలి నింపే కయాక్ సాధారణంగా కారు డిక్కీలో పడుతుంది. రూవీ, ఘుబ్రాలలో అపార్ట్‌మెంట్లలో ఉండేవారికి ఇది పెద్ద సౌకర్యం. కనీసం మూడు వేర్వేరు గాలిగదులు ఉన్నదానినే కొనాలి. ఈతకొలనులో ఆడుకునే బొమ్మపడవలు సముద్రంలో పడవలు కావు. నిలబడి తెడ్డు వేసే పలకలు పెద్దలకు వ్యాయామసాధనాలే గాని పిల్లలను ఎక్కించుకొని తిరగడానికి తగినవి కావు.

ఎండ చేసే రసాయన క్రియ

ఒమన్‌లో పడవకు నీటికంటె ఎండ పెద్ద శత్రువు. గట్టి కయాక్‌లు ఎక్కువగా పాలిథిన్‌తో తయారవుతాయి. దీని సాంద్రత నీటికంటె తక్కువ. అతినీలలోహిత కిరణాలు ఆ పాలిమర్‌లోని మలినాల వద్ద స్వేచ్ఛా ప్రాతిపదికలను పుట్టిస్తాయి. గాలిలోని ఆక్సిజన్ వాటితో కలసి పొడవైన అణుశృంఖలాలను తెంచుతుంది. మొదట రంగు వెలిసి, పైపొర సుద్దలా మారి, చివరకు పెళుసుబారి పగులుతుంది. దీనిని నివారించడానికి తయారీలో స్థిరీకరణులను కలుపుతారు. అవి కూడా కాలక్రమాన క్షీణిస్తాయి. కనుక వాడిన పడవను కొనేటప్పుడు ఎక్కడ నిల్వ ఉంచారని అడగాలి. అడుగుభాగాన్ని వేలితో నొక్కి, మూలల్లో సన్నని పగుళ్లున్నాయేమో చూడాలి. కారుపై గట్టిగా బిగించి ఎండలో వదిలేస్తే పాలిథిన్ మెత్తబడి సొట్టపోతుంది.

గాలి నింపే పడవలు ఎక్కువగా పి.వి.సి.తో చేసినవి. దానికి మెత్తదనం ఇచ్చే ప్లాస్టిసైజర్లు వేడికి మెల్లగా బయటికి వస్తాయి, బట్ట బిరుసెక్కుతుంది. అంతకంటె తక్షణ ప్రమాదం పీడనానిది. ఘనపరిమాణం మారనప్పుడు వాయుపీడనం పరమ ఉష్ణోగ్రతకు అనులోమంగా ఉంటుంది. ఉదయం 25 డిగ్రీల వద్ద మీటరుపై 0.2 బార్ చూపేలా నింపిన పడవను ఎండలో వదిలితే, లోపలి గాలి 65 డిగ్రీలకు చేరినప్పుడు అదే మీటరు దాదాపు 0.36 చూపుతుంది. అతుకులు విడిపోవడానికి అది చాలు. దీనికి విపర్యయం కూడా నిజమే. ఎండలో బిగువుగా నింపిన పడవ నీటిలోకి దిగగానే చల్లబడి మెత్తబడుతుంది. కనుక నీటిలో కొద్దిసేపు ఉంచిన తరువాత పీడనాన్ని సరిచూసి బయలుదేరాలి. ఒడ్డుకు చేరగానే కొంత గాలి వదలాలి. ఇంటికి వచ్చాక మంచినీటితో కడిగి నీడన ఆరబెట్టాలి.

చోటు, వేళ, గాలి

ఎంత మంచి పడవయినా తప్పు చోట, తప్పు వేళ నిరుపయోగమే. మస్కట్ ప్రాంతంలో అక్టోబరు నుండి ఏప్రిల్ వరకు ఉదయపు వేళలు అనుకూలం. రాళ్లకొండల చాటున ఉన్న బందర్ ఖైరాన్ పాయలు, ముసందంలోని ఖోర్ అల్ షమ్ వంటి ఇరుకైన సముద్రపు చీలికలు పెద్ద అలల నుండి రక్షణనిస్తాయి. సూర్‌లోని ఖోర్ అల్ బతాహ్ చూడటానికి చెరువులా ఉన్నా, ఆటుపోట్ల వేళ దాని ముఖద్వారం వద్ద నీరు వేగంగా పారుతుంది. దోఫార్ తీరంలో జూన్ నుండి సెప్టెంబరు వరకు ఖరీఫ్ కాలం. నైరుతి రుతుపవనాలు లేపే అలలలో చిన్న పడవకు స్థానమే లేదు.

అన్నింటికంటె మోసకారి నేలనుండి సముద్రంవైపు వీచే గాలి. ఒడ్డున నీరు అద్దంలా ఉంటుంది, పడవ శ్రమ లేకుండా ముందుకు పోతుంది. తిరిగి రావాలన్నప్పుడే అసలు సంగతి తెలుస్తుంది. గాలివేగం రెట్టింపయితే అది పడవను తోసే బలం నాలుగు రెట్లవుతుంది. తేలికగా, ఎత్తుగా ఉండే గాలిపడవలు ఈ విషయంలో మరీ బలహీనం. అందుచేత మొదట గాలికి ఎదురుగా వెళ్లి, అలసిపోయాక గాలివాలున తిరిగి రావాలి. బిడ్డను పట్టుకొని ఈదగలిగినంత దూరంలోనే, ఒడ్డు వెంబడి సాగాలి.

వాదీలలోని నీటిగుంటలు సముద్రంకంటె సురక్షితమని భావించడం మరొక పొరపాటు. హజర్ పర్వతాలపై ఎక్కడో కురిసిన వాన, నిర్మలాకాశం కింద ఉన్నవారిపైకి వరదగా రాగలదు. 2024 ఏప్రిల్ వరదలలో ఒమన్‌లో బడిపిల్లలు సైతం ప్రాణాలు కోల్పోయారు. వాన సూచన ఉన్న రోజున వాదీలో పడవ దించకూడదు.

పడవకంటె ముందు కొనవలసినది

పడవకు కేటాయించిన డబ్బులో మొదటి భాగం లైఫ్ జాకెట్లకు చెందాలి. 50 న్యూటన్ల తరగతి జాకెట్ ఈత వచ్చినవారికి సాయం మాత్రమే. స్పృహ తప్పినవారిని వెల్లకిలా తిప్పే శక్తి దానికి లేదు. ఈత రాని పసివారికి మెడ వెనుక పట్టీ ఉన్న 100 న్యూటన్ల తరగతిది, బిడ్డ బరువుకు సరిపోయేది తీసుకోవాలి. కాళ్లమధ్య నుండి వచ్చే పట్టీ తప్పనిసరి. జాకెట్ భుజాలు పట్టి పైకి ఎత్తినప్పుడు అది గడ్డం దాటి పైకి జారితే ఆ కొలత తప్పు. వచ్చే ఏడాదికి కూడా పనికివస్తుందని పెద్దది కొనే మధ్యతరగతి పొదుపు ఇక్కడ చెల్లదు. బిడ్డను ఎన్నడూ పడవకు కట్టకూడదు.

పిల్లల శరీరం బరువుతో పోల్చితే చర్మవైశాల్యం ఎక్కువ. కాబట్టి ఎండలో త్వరగా వేడెక్కుతారు, తడిసి గాలికి కూర్చుంటే త్వరగా వణుకుతారు. నిండు చేతుల చొక్కా, అంచుల టోపీ, తాగునీరు, పొడితువ్వాలు ఉండాలి. తొలి విహారం అరగంటకు మించనక్కరలేదు. నీరు చొరని సంచిలో ఫోను ఉంచుకోవాలి. ఒమన్‌లో అత్యవసర సహాయానికి పోలీసు నంబరు 9999.

పిల్లలను ఎక్కించేముందు పెద్దలిద్దరూ నడుములోతు నీటిలో పడవను కావాలనే బోల్తాకొట్టించి, తిరగేసి, మళ్లీ ఎక్కడం అభ్యసించాలి. ఆ పని చేయలేని పడవ ఎంత ఖరీదైనదైనా ఆ కుటుంబానికి తగినది కాదు. చేయగలిగినదయితే, ఖర్జూరపు మట్టలతో షాషా కట్టిన ఒమనీ జాలరి, దుంగలతో తెప్ప కట్టిన తెలుగు జాలరి తరతరాలుగా నమ్ముకున్న సూత్రమే ఆ పిల్లలను కూడా నీటిపై నిలుపుతుంది.