గోదావరి వెంబడి సైకిలు ప్రయాణము



మా శ్రీరాంపూరు బొగ్గుగనుల యూరు. మంచిర్యాల పట్టణమునకు చేరువను, సింగరేణి సంస్థవారి బాయిలతోను, కాలనీలతోను, తవ్విపోసిన మట్టిగుట్టలతోను నిండియున్నది. క్రొత్తగా వచ్చినవారికి, ఇచటికి పది కిలోమీటర్ల లోపుననే గోదావరి పాఱుచున్నదని చెప్పిన నమ్మరు. మా ప్రాంతమువారు ఆ నదిని గోదావరి యనరు; గంగ యందురు. "గంగకు పోయివస్త" ననిన గోదావరికి పోవుటయే.

అయినను ఆ గంగను మా యిండ్లలోని స్త్రీలు ఏడాదికి ఎన్నిమాఱులు చూచుచున్నారు? కార్తికమాసమున నొకమాఱు, పన్నెండేండ్లకు వచ్చు పుష్కరములలో నొకమాఱు. 2015 పుష్కరములలో మా యత్తగారు జనసమ్మర్దమున నలిగి, చెంబెడు నీళ్లు నెత్తిన పోసికొని, నదిని సరిగా కన్నులార చూడకయే తిరిగి వచ్చిరి. ఇంత దగ్గఱనున్న నదికి ఎవరైన తీసికొనిపోయిననే తప్ప మనము పోలేకపోవుట యేమి? ఈ ప్రశ్నకు మాకు దొరకిన సమాధానము సైకిలు.

మా యింటి పిల్ల చదువునకై హైదరాబాదు హాస్టలునకు పోయిన పిమ్మట, ఆమె బడిసైకిలు వసారాలో దుమ్ము పట్టి యుండెను. మేమును, మా తోడికోడలును చిన్ననాడు సైకిలు తొక్కినవారమే. పెద్దవారమైతిమని పుట్టిండ్లలో మాన్పించిరి. నలువది యేండ్లు దాటిన పిదప, తెల్లవాఱుజామున కాలనీ వీధులలో ఒకరి సైకిలును మఱియొకరు పట్టుకొని మరల నేర్చుకొంటిమి. మొదటి వారమున నవ్వినవారు చాలమంది. రెండవ వారమున ఇరుగుపొరుగు స్త్రీలు ఇద్దఱు వచ్చి, "అక్కా, మాకు గూడ నేర్పుతరా?" అని యడిగిరి.

నెల తిరుగకముందే ఆపద యొకటి తప్పినది. పెద్దరోడ్డుపై బొగ్గులారీ ప్రక్కనుండి దూసికొనిపోగా, ఆ గాలికి మా తోడికోడలు తూలి రోడ్డు దిగి రాళ్లలో పడినది. మోచేయి చీరుకొనిపోయినది, తల మాత్రము దక్కినది. ఇక సైకిలు మాట యెత్తరాదని ఆ సాయంకాలము ఇంట నిశ్చయమయ్యెను. అంతవఱకు ఊరకున్న మా మామగారు అప్పుడు నోరు విప్పిరి. వారు బాయిపని చేసి విశ్రాంతి గైకొన్నవారు.

"ముప్పయ్యేండ్లు నేను సైకిల్ మీదనే బాయికి పోయిన. రాత్రి షిఫ్టుకు గూడ పోయిన. నన్నెవ్వరు వద్దనలే. పోవుడు బందువెట్టుడు గాదు; ఎట్ల పోవాల్నో నేర్చుకోండ్రి" అనిరి.

మఱునాడు వారే మాకు మూడు నియమములు చెప్పిరి. షిఫ్టు మాఱు వేళలయందు పెద్దరోడ్డు ఎక్కరాదు. ప్రొద్దుగ్రుంకకముందే ఇల్లు చేరవలెను. వెనుక లారీ చప్పుడు వినబడి ముందు దారి యిఱుకైనచో, పౌరుషమునకు పోక దిగి ప్రక్కకు నిలువవలెను. ఈ మూడింటిని మేము నేటివఱకు తప్పలేదు. నేటివఱకు మఱల పడలేదు.

సైకిలు స్త్రీలకు ఇచ్చిన మేలు చిన్నది కాదు. ఒకప్పటి సైకిళ్లకు ముందుచక్రము మిక్కిలి ఎత్తుగా నుండెడిది. 1885లో ఇంగ్లండు దేశమున జాన్ కెంప్ స్టార్లీ ఇంచుమించు సమానమైన చక్రములుగల సైకిలును తయారుచేసెను. 1888లో డన్లప్ గాలి టైరునకు పేటెంటు పొందెను. ఆ పిదపనే స్త్రీలు వేలకొలది సైకిలెక్కిరి. మన పొరుగున తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాయందు 1991లో అక్షరాస్యతోద్యమముతోపాటు సైకిలు నేర్పుట ప్రారంభింపగా, లక్షకు పైబడిన గ్రామస్త్రీలు నేర్చుకొనిరి. బీహారు ప్రభుత్వము 2006 నుండి తొమ్మిదవ తరగతి బాలికలకు సైకిళ్లు కొనుటకు ధనమిచ్చెను. దాని ఫలమును కార్తీక్ మురళీధరన్, నిషీత్ ప్రకాశ్ అను ఆర్థికశాస్త్రజ్ఞులు పరిశీలించి, ఉన్నత పాఠశాలలలో చేరిన బాలికల సంఖ్య నూటికి 32 వంతులు పెరిగినదని 2017లో ప్రకటించిరి. బడి దూరమైనందున చదువు మానిన పిల్లకు సైకిలు బడిని దగ్గఱ చేసినది. మాకు గంగను దగ్గఱ చేసినది.

ఇక మేము తిరిగిన దారులను చెప్పెదము.

మొదటిది నేర్చుకొన్న నెల రెండు నెలలలో పోదగినది. శ్రీరాంపూరు నుండి ఇందారము మీదుగా గోదావరిఖనికి పోవు రోడ్డున నది వంతెన కలదు. పోయి వచ్చుటకు 20 కిలోమీటర్లకు మించదు. నెమ్మదిగా తొక్కినను రెండు గంటలు చాలును. ఇది రాజీవ్ రహదారి గనుక లారీలు మెండు. ఆదివారము తెల్లవాఱిన వెంటనే పోవుట మేలు. వంతెన నడుమ ఆగరాదు. ఈవలనే దిగి నదిని చూడవలెను.

రెండవది పడమటి దారి. మంచిర్యాల నుండి 63వ జాతీయ రహదారిని పట్టి హాజీపూరు, లక్సెట్టిపేట, గూడెము దాటి, రాయపట్నము వంతెనపై గోదావరిని దాటిన ధర్మపురి వచ్చును. శ్రీరాంపూరు నుండి సుమారు 50 కిలోమీటర్లు. దారిలో గుడిపేట దగ్గఱ ఎల్లంపల్లి జలాశయము కానవచ్చును. ఇందు నిండుగా 20 టి.ఎం.సి.ల నీరు నిలుచును; హైదరాబాదు సోదరీమణులు కొళాయిలో పట్టుకొను నీటిలో కొంత ఇచటిదే. ఆ నీటి క్రింద మునిగిన పల్లెలవారు మా పరిసరములలోనే క్రొత్త యిండ్లు కట్టుకొని యున్నారు. గూడెము గుట్టపై సత్యనారాయణస్వామి ఆలయము కలదు. మెట్లెక్కుటకు ముందు కాళ్లకు కొంత విశ్రాంతి నీయవలెను. ధర్మపురిలో లక్ష్మీనరసింహస్వామిని సేవించి, ఆ రాత్రి అచటనే నిలిచి మఱునాడు తిరుగుట మంచిది. ఒక్కదినమున నూఱు కిలోమీటర్లు తొక్కవలెనను పంతము మనకేల?

మూడవది తూర్పు దారి. జైపూరు దగ్గఱ సింగరేణివారి 1200 మెగావాట్ల విద్యుత్కేంద్రము పొగగొట్టములను చూచుచు, భీమారము మీదుగా చెన్నూరు చేరవలెను. సుమారు 35 కిలోమీటర్లు. తూర్పుగా సాగు గోదావరి చెన్నూరు దగ్గఱ కొంతదూరము ఉత్తరముగా పాఱును. ఉత్తరవాహిని యని అచటి స్నానమును విశేషముగా నెంతురు. జైపూరు మండలమున శివ్వారము దగ్గఱ మొసళ్ల అభయారణ్యము కలదు గనుక, ఆ ప్రాంతమున నీట దిగరాదు.

ఈ దారులు అలవడిన పిదప మాకు నది కొసను చూడవలెనని కోరిక పుట్టినది. త్ర్యంబకమున పుట్టి 1465 కిలోమీటర్లు నడచిన నది సముద్రమున ఎట్లు కలియునో! మేము బయలుదేఱునప్పుడు మా యత్తగారు, "మన గంగ సముద్రంల కలిసే కాడ నీళ్లు తియ్యగుంటయా, ఉప్పగుంటయా? చూసి రాండ్రి" అనిరి.

సైకిళ్లను రైలులో సామానుగా బుక్ చేసికొని, విజయవాడ మీదుగా రాజమహేంద్రవరము చేరితిమి. ధవళేశ్వరమున ఆర్థర్ కాటన్ దొర 1852 నాటికి కట్టించిన ఆనకట్ట స్థానమున నేడు బారేజి యున్నది. దానిని దాటి బొబ్బర్లంక, ఆత్రేయపురము, రావులపాలెము, కొత్తపేట, అంబాజీపేట, పి. గన్నవరము, రాజోలు, సఖినేటిపల్లి మీదుగా అంతర్వేది. నూఱు కిలోమీటర్లకు కొంచెము పైచిలుకు. నడుమ ఒక రాత్రి నిలిచితిమి. మా వైపు గుట్టలు, ఎఱ్ఱనేల. అచట ఎక్కుడు దిగుడు లేని కాలువగట్లు, కొబ్బరితోటలు. ఆత్రేయపురమున సన్నని బియ్యపుపిండి రేకులలో బెల్లము, నేయి చేర్చి పూతరేకులు చుట్టు స్త్రీల చేతివాటమును నిలుచుండి చూచితిమి. పి. గన్నవరమున పైన కాలువ, క్రింద వైనతేయ నది పాఱుచుండును.

ఒక్క చిక్కు మాత్రము కలదు. మధ్యాహ్నము తిరిగిన పిమ్మట సముద్రపుగాలి ఎదురు వచ్చును. చదునునేలయే గుట్టవలె నుండును. కావున ఉదయముననే సగముకంటె నెక్కుడు దూరము సాగవలెను.

ఇట్టి ప్రయాణములకు విలువైన సైకిలు అక్కఱలేదు. అడ్డగొట్టము లేని లేడీస్ సైకిలు చాలును. చైనుకు కవరు, వెనుక చక్రమునకు జాలీ లేక చీర కట్టి తొక్కరాదు. దూరమునకు సల్వారు మేలు. సీటు మిక్కిలి క్రిందికి ఉన్న మోకాళ్లు నొచ్చును. త్రొక్కుడు క్రిందికి పోయినప్పుడు కాలు ఇంచుమించు చాగవలెను. నీళ్లు, పంచరు సామాను, చిన్న పంపు, బొగ్గుధూళికి ముక్కునకు గుడ్డ, తలకు హెల్మెటు, వెనుక ఎఱ్ఱదీపము తప్పనిసరి. స్త్రీలు కాలకృత్యములకు ఆగదగిన చోటులను ముందుగా తెలిసికొనవలెను. ఆ భయమున నీరు త్రాగకుండుట ప్రమాదము. కార్తికము నుండి మాఘము వఱకు తగిన కాలము; మా ప్రాంతపు వేసవిలో పగటిపూట బయలుదేఱరాదు.

అంతర్వేదిలోను వెలసినవాడు లక్ష్మీనరసింహస్వామియే. ధర్మపురి స్వామి పాదములచెంత సాగిన నీరు ఇచటి స్వామి ముంగిట కడలి చేరును. అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గఱ వసిష్ఠ సముద్రమున కలియుచుండగా, చేయి ముంచి నీరు నోట వేసికొంటిమి. ఉప్పగనే యుండెను.

ఇల్లు చేరి ఆ మాట చెప్పగా మా యత్తగారు కొంతసేపు ఆలోచించి, "ఉప్పగున్నా మన గంగనే గద" అనిరి. పిమ్మట, "నన్ను గూడ వంతెన దాక వెనుక కూసుండబెట్టుకొని పోరాదు?" అనిరి. మఱుసటి ఆదివారము పెద్దరోడ్డు వఱకు ఆటోలో తీసికొనిపోయి, వంతెనకు ఈవల ఆమెను కూర్చుండబెట్టితిమి. ఆమె తనివితీఱ నదిని చూచిరి. జనసమ్మర్దము లేదు, తొందర లేదు.

తదుపరి పుష్కరములు 2027లో రానున్నవి. అంతవఱకు వేచియుండ నేల? మీ యూరి నది యెంత దూరమో తెలిసికొనుడు. మీ యింటి వసారాలో దుమ్ముపట్టిన సైకిలుండిన, ఱేపే గాలి కొట్టింపుడు.