నీట మునిగిన పంట ఎవరిది?

2024 సెప్టెంబరు ఆరంభంలో బుడమేరు పొంగింది. ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద దిగువకు సాగింది. వరి చేలు రోజుల తరబడి నీటిలో నానాయి. ఆ తర్వాత కొన్ని నెలలకు మా మదర్సా విద్యార్థి తండ్రి ఒకరు మమ్మల్ని కలిశారు. ఆయన కౌలుకు చేసిన నాలుగెకరాల వరి పూర్తిగా కుళ్ళిపోయింది.

"మౌల్వీ సాబ్, పరిహారం పొలం యజమాని ఖాతాలో పడింది. అడుగుదామంటే నోరు రావడం లేదు. అడిగితే వచ్చే ఏడు పొలం ఇవ్వరేమో!" అన్నారాయన.

ఆ యజమాని మన జమాఅతు వారే. మేము వెళ్ళి మాట్లాడాము. "ప్రభుత్వం నా పేరున వేసింది. నేనేమీ దొంగిలించలేదు కదా!" అన్నారు. ఆ మాటలో అబద్ధం లేదు. కాని న్యాయం కూడా లేదు.

ఈ సొమ్ము పేరే పెట్టుబడి రాయితీ. అది భూమి విలువకు ఇచ్చేది కాదు. విత్తనానికి, ఎరువుకు, కూలికి ఖర్చు చేసి నష్టపోయినవాడు మళ్ళీ సాగు మొదలుపెట్టడానికి ఇచ్చే చేయూత. పంట 33 శాతం, అంతకు మించి దెబ్బతిన్నప్పుడే ఇది వర్తిస్తుంది. 2022-26 కాలానికి కేంద్రం నిర్ణయించిన ప్రమాణం ప్రకారం హెక్టారుకు వర్షాధార పంటకు రూ.8,500, నీటి వసతి గల పంటకు రూ.17,000, అదీ రెండు హెక్టార్ల వరకే. 2024 వరదల్లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వరికి హెక్టారుకు రూ.25,000 ప్రకటించింది. అంటే ఎకరాకు పదివేలు. అప్పు తెచ్చి పెట్టుబడి పెట్టిన కౌలుదారుకు అది సగం ఊరట మాత్రమే. ఆ సగమూ దారి తప్పితే అతనికి మిగిలేది అప్పు ఒక్కటే.

దారి తప్పేది ఎక్కడ? కాగితం దగ్గర. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టం ప్రకారం పదకొండు నెలల ఒప్పందంపై కౌలుదారు సాగు హక్కు కార్డు పొందవచ్చు. దానివల్ల భూమిపై యజమాని హక్కుకు ఏ భంగమూ లేదు. అయితే ఒప్పందంపై యజమాని సంతకం ఉండాలి. భూమి చేజారుతుందన్న భయంతో చాలామంది ఆ సంతకం పెట్టరు. ఈ-పంట నమోదులో సాగుదారు పేరు లేకపోతే పరిహారం పట్టాదారు ఖాతాకే చేరుతుంది.

మన పాఠకుల్లో పట్టణాలలో స్థిరపడి, ఊరిలోని పొలం కౌలుకు ఇచ్చినవారు ఉన్నారు. ఇతరుల పొలం దున్నేవారూ ఉన్నారు. మొదటివారికి మా విన్నపం: సంతకం పెట్టండి. పొరపాటున సొమ్ము మీ ఖాతాలో పడితే అది మీ వద్ద ఉన్న అమానతు. హక్కుదారు అడగకముందే అతని ఇంటికి చేర్చండి. రెండవవారికి: నాట్లు పడగానే ఈ-పంటలో మీ పేరు నమోదు చేయించుకోండి. పంట నష్టపోతే, రైతు సేవా కేంద్రంలో జాబితా పెట్టినప్పుడు మీ పేరు చూసుకోండి. లేకుంటే వెంటనే అభ్యంతరం రాసి ఇవ్వండి.

మేము కలిసిన ఆ యజమాని వారం తిరిగేసరికి సొమ్ము మొత్తం కౌలుదారు చేతిలో పెట్టారు. సంతోషించాము. ఒప్పందంపై సంతకం మాత్రం ఇంకా పెట్టలేదు. ఈ వానాకాలం నాట్లకు ముందే ఆ గడప మరోసారి తొక్కాలని నిశ్చయించుకున్నాము. వరద వచ్చాక దయ చూపడం మంచిదే. వరదకు ముందే హక్కు రాసి ఇవ్వడం అంతకన్నా మంచిది.