తాళం డాక్ చేతికొచ్చిన కథ

1957లో ఐబీఎం 704 కంప్యూటర్ 17 సెకన్ల సంగీతాన్ని సృష్టించింది. ప్రోగ్రాం రాసింది బెల్ లేబొరేటరీస్ ఇంజినీరు మాక్స్ మాథ్యూస్, స్వరం కూర్చింది ఆయన సహోద్యోగి న్యూమన్ గట్‌మన్. అంతకుముందూ కంప్యూటర్లు కొన్ని ట్యూన్లు పలికాయి గానీ అవి బీప్ శబ్దాల వరుసలు. ఈసారి ధ్వని తరంగం ఏ క్షణాన ఎంత ఎత్తులో ఉండాలో కంప్యూటర్ అంకెల్లో లెక్కగట్టింది. కానీ ఆ అంకెల్ని వినిపించింది అది కాదు. లెక్కంతా న్యూయార్క్‌లో జరిగింది. అంకెల్ని అయస్కాంత టేపుకెక్కించి, న్యూజెర్సీలోని మర్రే హిల్‌కు మోసుకెళ్లి, అక్కడ వాక్యూమ్ ట్యూబులతో చేసిన 12 బిట్ల పరికరానికి అందిస్తే స్పీకర్ పలికింది.

ఆ పరికరం డిజిటల్ టు అనలాగ్ కన్వర్టర్. ముద్దుగా డాక్. ఇవాళ ఫోన్లో, టీవీలో, కారులో ఎక్కడ పాట వినిపించినా లోపల ఒక డాక్ ఉంటుంది. అందిన ప్రతి అంకెకూ తగినంత వోల్టేజీ పుట్టించడం దాని పని. ఇందులో రెండు బాధ్యతలున్నాయి. అంకె తప్పకూడదు, వేళ తప్పకూడదు. అంకె తప్పకుండా చూడటంలో కంప్యూటర్‌ను మించినది లేదు. వేళ సంగతి వేరు. నాలుగు పనులు నెత్తినేసుకున్న కంప్యూటర్ చేతిలో తాళం పెడితే, అతిథుల్ని పలకరిస్తూ మధ్యమధ్యలో తాళం వేసే మనిషితో కచేరీ నడిపినట్టే ఉంటుంది. కంప్యూటర్ మంచి సంగీత సాధనంగా మారిన చరిత్ర అంటే, ఆ తాళం దాని చేతిలోంచి డాక్ చేతికి మారిన చరిత్రే.

ధ్వనిని అంకెలుగా మార్చాలన్న ఆలోచన మాథ్యూస్ కంటే ఇరవై ఏళ్లు పాతది. 1937లో పారిస్‌లో పనిచేస్తున్న బ్రిటిష్ ఇంజినీరు అలెక్ రీవ్స్, దూరం పోయేకొద్దీ టెలిఫోన్ మాటలో పెరిగే రొదను వదిలించుకోవడానికి ఈ దారి కనిపెట్టాడు. అప్పటి ట్యూబులతో అది గిట్టుబాటయ్యే పని కాదు. యుద్ధం వచ్చాక మాత్రం ఖర్చు అడ్డు కాలేదు. 1943లో వాషింగ్టన్, లండన్‌ల మధ్య రహస్య సంభాషణల కోసం సిగ్‌సాలీ అనే భారీ యంత్రం పనిచేసింది. మాటను అంకెలు చేసి, గ్రామఫోన్ రికార్డు మీది యాదృచ్ఛిక రొదతో కలిపి పంపేవారు. అవతలి కొసన అదే రికార్డు అదే క్షణానికి తిరుగుతుంటేనే మాట తేటపడేది. అంకెలు ఎంత సరిగ్గా చేరినా వేళ కుదరకపోతే అర్థం లేదన్న పాఠం అక్కడే మొదలైంది.

సెకనుకు ఎన్ని అంకెలు కావాలి? 1933లో సోవియట్ ఇంజినీరు వ్లదీమిర్ కొతెల్నికొవ్, 1949లో అమెరికాలో క్లాడ్ షానన్ గణితంతో జవాబిచ్చారు. ధ్వనిలోని అత్యధిక పౌనఃపున్యానికి రెట్టింపు కంటే ఎక్కువ వేగంతో కొలిస్తే తరంగాన్ని పూర్తిగా తిరిగి రాబట్టవచ్చు. డిజిటల్ ధ్వని మెట్లు మెట్లుగా ఉంటుందన్న ప్రచారం ఇక్కడే వీగిపోతుంది. డాక్ చివరనుండే ఫిల్టర్ దాటాక మెట్లు మిగలవు, నునుపైన తరంగమే వస్తుంది. మనిషి చెవి హద్దు సుమారు 20,000 హెర్ట్జ్ కాబట్టి సెకనుకు 40,000 పైచిలుకు కొలతలు, అంటే శాంపిళ్లు, చాలు.

ఆ పైచిలుకు 44,100 దగ్గర ఆగడానికి కారణం సంగీతం కాదు, టీవీ. 1970ల చివర్లో అంత డిజిటల్ సమాచారాన్ని సులువుగా పట్టగలిగేది వీడియో రికార్డరే. దాని తెరమీది ఒక్కో గీతలో మూడేసి శాంపిళ్లు, ఒక్కో ఫీల్డులో, అంటే సగం చిత్రంలో, వాడుకోదగ్గ గీతలు 245, సెకనుకు ఫీల్డులు 60. గుణిస్తే 44,100. యూరప్ పద్ధతిలో 294 గీతలు, 50 ఫీల్డులు. అలా గుణించినా అదే. 1982 అక్టోబరు 1న జపాన్‌లో సోనీ సీడీపీ-101 ప్లేయర్‌తో బాటు సీడీ బజారుకొచ్చేసరికి ఈ అంకె శాసనమైపోయింది. ఒక్కో శాంపిల్‌కు 16 బిట్లు, రెండు చానళ్లు, వెరసి సెకనుకు 14,11,200 బిట్లు.

సీడీ ప్లేయర్లో ఒక చక్కని ఏర్పాటుంది. తిరిగే బిళ్ల వేగం ఎప్పుడూ కాస్త అటూ ఇటూ అవుతుంది. అందుకని చదివిన అంకెలు నేరుగా డాక్‌కు పోవు. ముందు చిన్న మెమరీలో చేరతాయి. అక్కణ్నుంచి క్వార్ట్జ్ స్ఫటికం లయకు ఒక్కొక్కటే బయటికొస్తాయి. మెమరీ ఖాళీ అవుతుంటే మోటారు వేగం పెంచుతుంది, నిండుతుంటే తగ్గిస్తుంది. స్ఫటికం యజమాని, మోటారు నౌకరు.

కంప్యూటర్లలో ఈ క్రమం తలకిందులైంది. 1989లో వచ్చిన తొలి సౌండ్ బ్లాస్టర్ కార్డు 8 బిట్లది, ఆటల్లో పేలుళ్లు వినిపించడానికే ఎక్కువగా పనికొచ్చింది. 1992 నాటి సౌండ్ బ్లాస్టర్ 16 కాగితం మీద సీడీకి సమానమే. అయితే డాక్ నివాసం ఫ్యాను మోటార్లు, విద్యుత్ సరఫరా, ప్రాసెసర్ అన్నీ కలిసి రొద పుట్టించే పెట్టెలో. పైగా ఆ తర్వాత వచ్చిన చాలా కార్డులు లోపల 48,000 వేగంతోనే నడిచేవి. 44,100 వేగంలోని సీడీ పాటను ప్రతి 147 శాంపిళ్లకు 160 చొప్పున మళ్లీ లెక్కగట్టి అందించాల్సి వచ్చేది. హడావుడిగా చేసిన ఆ లెక్కలో పాట నలిగేది.

డాక్‌ను పెట్టె నుంచి బయటికి తెచ్చింది యూఎస్‌బీ. 1998లో దాని ఆడియో ప్రమాణాలు వచ్చాయి. మిల్లీసెకనుకో మూట చొప్పున కంప్యూటర్ శాంపిళ్లు పంపుతుంది. 44,100ను వెయ్యితో భాగిస్తే 44.1, శాంపిల్‌లో పదో వంతు పంపడం కుదరదు గనుక తొమ్మిది మూటల్లో 44, పదో మూటలో 45. తొలినాటి డాక్‌లు ఎక్కువగా ఈ మూటల రాకనుబట్టి తమ గడియారాన్ని సర్దుకునేవి. అంటే తాళం ఇంకా కంప్యూటర్‌దే. అలా వేళలో వచ్చే తడబాటునే జిట్టర్ అంటారు. 20,000 హెర్ట్జ్ స్వరంలో 16 బిట్ల కచ్చితత్వం పూర్తిగా నిలవాలంటే తడబాటు దాదాపు 100 పికోసెకన్ల స్థాయి దాటకూడదు. చెవి పసిగట్టాలంటే అంతకంటే చాలా ఎక్కువ కావాలనుకోండి.

మందు ఆ యూఎస్‌బీ ప్రమాణాల్లోనే ఉంది, అసింక్రనస్ పద్ధతి. దాన్ని సంగీత ప్రియుల డాక్‌లలోకి తెచ్చినవారిలో అమెరికన్ రూపకర్త గోర్డన్ రాంకిన్ ముఖ్యుడు. ఇందులో డాక్‌కు సొంత స్ఫటికాలుంటాయి, తరచుగా రెండు. 44,100 కుటుంబానికి 22.5792 మెగాహెర్ట్జ్‌ది, 48,000 కుటుంబానికి 24.576 మెగాహెర్ట్జ్‌ది. శాంపిళ్లు కాస్త ఎక్కువ పంపాలో, తక్కువ పంపాలో డాకే కంప్యూటర్‌కు చెబుతుంది. సీడీ ప్లేయర్లో మోటారు చేసిన నౌకరీ ఇప్పుడు కంప్యూటర్‌ది.

కాబట్టి ఇవాళ కంప్యూటర్‌ను మంచి సంగీత సాధనంగా అమర్చడమంటే దాన్ని పాటలో వేలుపెట్టకుండా ఆపడమే. సీడీలను తప్పులు సరిచూసే ప్రోగ్రాంతో కాపీ చేసుకుని, 2001లో వచ్చిన ఫ్లాక్ రూపంలో దాచుకోండి. ఫైలు చిన్నదవుతుంది, ఒక్క బిట్టూ పోదు. విండోస్‌లో ప్లేయర్ సెట్టింగుల్లోకి వెళ్లి వాసాపీ ఎక్స్‌క్లూజివ్ గానీ ఏసియో గానీ ఎంచుకుంటే ఆపరేటింగ్ సిస్టమ్ మిక్సర్ పక్కకు తప్పుకుంటుంది. లైనక్స్‌లో అల్సాతో నేరుగా డాక్‌కు పంపవచ్చు. మాక్‌లో ఆడియో మిడి సెటప్‌లో పాట శాంపిల్ వేగాన్నే ఎంచుకోండి. శబ్దాన్ని యాంప్లిఫయర్ దగ్గరే తగ్గించుకోండి. ఫ్యాను లేని చిన్న కంప్యూటరైతే గదిలో రొద ఉండదు. స్పీకర్లలో సన్నగా గుంయ్‌మంటుంటే లాప్‌టాప్ ఛార్జర్ పీకి చూడండి. ఆగిపోతే దోషం విద్యుత్ తీగలదే, డాక్‌ది కాదు.

ఖరీదైన యూఎస్‌బీ కేబుల్ జోలికి పోనక్కర్లేదు. ఆడియో మూటలో తప్పు దొర్లితే మళ్లీ పంపే ఏర్పాటు లేని మాట నిజమే. కానీ ఆ తప్పు టక్కుమన్న శబ్దంగానో, చిన్న ఖాళీగానో వినిపిస్తుంది. గాత్రం మసకబారడం, వీణ నాదం పలచబడటం దానివల్ల జరగవు. ఎక్కువ బిట్ల సంగతీ అంతే. బోస్టన్ ఆడియో సొసైటీకి చెందిన మేయర్, మోరన్ 2007లో ప్రచురించిన పరీక్షలో, సూపర్ ఆడియో సీడీ శబ్దాన్ని మధ్యలో 16 బిట్లు, 44,100కు కుదించి వినిపించారు. 554 ప్రయత్నాల్లో శ్రోతలు సరిగా చెప్పినవి 276. బొమ్మా బొరుసా వేసినా అంతే వస్తుంది. రికార్డింగ్ చేసేవారికి 24 బిట్లు అవసరం, పొరపాట్లకు చోటు మిగులుతుంది. వినేవారికి 16 చాలు.

1974లో కన్నుమూసిన గాయకుడు ఘంటసాల పాటలన్నీ అనలాగ్‌లో రికార్డయినవే. ఆనాటి టేపుకు, రికార్డుకు ఉన్న సహజమైన రొద 16 బిట్ల అడుగు రొద కంటే ఎక్కువ. అరిగిన క్యాసెట్ నుంచి ఎక్కించిన అలాంటి పాటను 24 బిట్ల ఫైలుగా అమ్మితే దొరికేది అదే అరుగు, పెద్ద సంచిలో. అసలు టేపు నుంచి శ్రద్ధగా తీసిన మామూలు సీడీ దానికంటే ఎన్నో రెట్లు నయం. ఒకప్పుడు ప్రయోగశాలలో తప్ప దొరకని డాక్ ఇప్పుడు వేలెడంత అడాప్టర్లో ఇమిడి, కొన్ని వందల రూపాయలకు దొరుకుతోంది. డబ్బు మిగిలితే మంచి స్పీకర్లకు పెట్టండి. తీరిక మిగిలితే, మీకిష్టమైన పాట ఏ టేపు నుంచి, ఎవరి చేతిమీదుగా డిజిటల్ అయిందో వెతకండి. ఇప్పుడు తేడా వినిపించేది అక్కడే.